మావయ్య బండి ఎందుకు వేడెక్కలేదు

ఐదో నెలలో డాక్టరు గారు మంచం దిగొద్దన్నారు. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది కనుక ఎదురు మాట్లాడకుండా పర్చూరులో అమ్మ దగ్గరికి వచ్చేశాను. కొత్తగా చేరిన ఉద్యోగం మాత్రం వదలబుద్ధి కాలేదు. ఇంజన్ చెప్పే అంకెల్ని దూరం నుంచి చదివే ప్రోగ్రాం రాయడం నా పని. "ఇంటి నుంచే చేయండి. కానీ శనివారంలోగా నిజమైన బండి మీద పనిచేయించి చూపించాలి, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాం" అన్నారు మేనేజరు గారు.

మంచం మీద ఉన్నదానికి బండెక్కడిది? పొదిలిలో మా మేనమామకి మిర్చి బస్తాలు తోలే చిన్న ట్రక్కు ఉంది. అడగ్గానే సరేనన్నాడు. అరచేయంత బోర్డు, దానికో సిమ్ము పంపించాను. స్టీరింగు కింద, మెకానిక్కులు కంప్యూటరు తగిలించే సాకెట్‌కి పెట్టించాడు. ఇక ఆయన ఎక్కడ తిరుగుతున్నా నేను లాప్‌టాప్‌లోంచి ఆ బోర్డులోకి వెళ్లి, ప్రోగ్రాం మార్చి, బండి సంగతి చదువుకోవచ్చు.

స్పీడు సరిగ్గానే వచ్చింది. ఇంజన్ వేడి దగ్గరే చిక్కు. లోడుతో గంటసేపు నడిచిన ఇంజన్ ఎనభై ఐదు డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. నాకేమో యాభై ఎనిమిది దాటి చావదు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. మూడు రోజులు నా కోడుని తిట్టుకున్నాను, అన్నం తెచ్చిన అమ్మ మీద విసుక్కున్నాను, రాత్రిళ్లు ఒక్కదాన్నే ఏడ్చాను. శుక్రవారం పొద్దున సిగ్గులేకుండా, వచ్చిన అంకెకి ఇరవై ఏడు కలిపే లైను ఒకటి రాశాను. ఎనభై ఐదు చక్కగా కనిపించింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. పంపడానికి మనసొప్పలేదు. మావయ్యకి ఫోన్ చేసి విరుచుకుపడ్డాను.

"ఏం బండి మావయ్యా నీది? ఎంత తోలినా వేడెక్కదేం?"

"వేడెక్కకూడదనే గదమ్మా థర్మోస్టాట్ పీకించింది" అన్నాడు తాపీగా.

ఇంజన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న మూత అది. రెండేళ్ల కిందట ఎండాకాలంలో దర్శి దగ్గర లోడుతో ఇంజన్ ఉడికిపోయి, బండి నెల రోజులు షెడ్డులో పడిందట. అప్పుడు పీకించేశాడు. చల్లగా ఉంటే ఇంజన్‌కి మంచిదేనని మా వైపు డ్రైవర్లు చాలామంది చేసే పనే. అంటే నా కోడు మొదటి నుంచీ నిజమే చెబుతోంది. ఆ దొంగ లైను తీసిపారేశాను.

"ఈ ఒక్క రోజుకి మళ్లీ పెట్టిస్తావా మావయ్యా?"

"సరేలే" అన్నాడు.

మధ్యాహ్నం థర్మోస్టాట్ పెట్టించి, షెడ్డు ముందే ఇంజన్ స్టార్ట్ చేసి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎంతమ్మా?"

"అరవై."

"ఇప్పుడు?"

"డెబ్బై ఎనిమిది."

ఇంజన్ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఎనభై రెండు. ఎనభై మూడు. ఎనభై నాలుగు. ఇక కదల్లేదు.

"ఆగింది మావయ్యా."

గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఆయన ఎంత భయపడ్డాడో అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఉద్యోగం నిలబడింది. ఆ సంగతి చెప్పి, "మళ్లీ ఉడికిపోయుంటే ఏం చేసేవాడివి?" అని అడిగాను.

"ఏం చేస్తాం, బాగుచేయించుకుంటాం. నువ్వు మూడు రోజుల నుంచి ఏడుస్తా ఉంటే, కడుపులో బిడ్డకి మంచిదా?"

నేను ఏడుస్తున్నానని ఆయనకి ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పొద్దున ఫోన్‌లో ఆయన మీద అరిచానంతే.