కిటికీ రెక్క మీది మట్టి గూడు

‘తేటపడే నీళ్లు’ నవల ఆరుగురు ప్రచురణకర్తల గుమ్మాలు తొక్కి, ఆరు చోట్లా కాదనిపించుకుని, అయిదుసార్లు తిరగరాయించుకుని, చివరికి ఏడో చోట అచ్చయింది. అచ్చయిన ఏడాదే ఉత్తమ తొలి నవలగా బహుమతి కొట్టింది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. పెదనాన్న ఎవరితో మాట కలిపినా, అది వాన గురించైనా మోకాళ్ల నొప్పి గురించైనా, మూడో మాటకల్లా ఇక్కడికే వస్తాడు.

ఆ నవల రాసింది ఆయన తమ్ముడి కూతురు. వీధి మొత్తానికీ ఆమె ‘కొంగ’. చిన్నప్పుడు కాలవ గట్టున గంటలకొద్దీ కదలకుండా నిలబడి నీళ్లలోకి చూసేదని ఎవరో పెట్టిన పేరు. ఆ పేరుతో ఏడిపించినవాళ్లే ఇప్పుడు “మా కొంగ” అని చెప్పుకుంటున్నారని పెదనాన్నకు మహా సంబరం. చదువు కోసం ఆయన ఇంటికొచ్చిన పిల్ల, మంచినీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో ఉద్యోగం వచ్చాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్న ఆరింటికల్లా సీసాలు పట్టుకుని తొట్టెల గట్ల మీద తిరుగుతూ నీళ్లు పడుతుంది. ల్యాబులో క్లోరిన్ ఎంతుందో, మడ్డి ఎంతుందో చూసి రిజిస్టరులో రాస్తుంది. మొదటి నవల ఆమెకు ఆ గట్ల మీదే దొరికింది.

అందులో తప్పిపోయిన చెల్లెలి కోసం ఏళ్ల తరబడి వెతికే ఒక నడివయసు మనిషి ఉంటాడు. ఎన్నిసార్లు రాసినా అతనికి ప్రాణం రాలేదు. వెనక్కొచ్చిన ప్రతి కాపీతో పాటూ అదే మాట వచ్చేది. ఒకరోజు ప్లాంటులో ఇంకా శుద్ధి చేయని ముడినీటి చెరువు రెయిలింగు మీద లకుముకి పిట్ట వాలింది. కొంగ సీసా కింద పెట్టి లెక్కపెట్టింది. ఆ ఉదయం పిట్ట ముప్పై ఒక్కసార్లు మునిగింది, తొమ్మిది చేపలు దొరికాయి. దొరకనప్పుడు ఏం చేసిందో నోట్సులో రాసుకుంది. రెక్కలు దులుపుకుంది, మళ్లీ అదే చోట కూర్చుంది, ముక్కు మాత్రం కాస్త అటు తిప్పింది. నలభై రోజులు అదే చూసింది. ఆ తర్వాత రాసిన మనిషి ఎక్కడా ఏడవడు. ఖాళీ చేతులతో వచ్చిన ప్రతిసారీ చొక్కా దులుపుకుని అదే బెంచీ మీద కూర్చుంటాడు. ఏడో ప్రచురణకర్త ఆ బెంచీ దగ్గరే మెత్తబడ్డాడట.

అప్పటినుంచీ ఆమె పద్ధతి అదే. ఒక్కో పాత్రకు ఒక్కో ప్రాణిని వెతుక్కుంటుంది. నోట్సులో “పాపం”, “అందంగా” అన్న మాటలకు చోటు లేదు. ప్రాణి చేసింది చేసినట్టు రాయాలి, అంతే. తీరా నవల్లో ఆ ప్రాణి మచ్చుకైనా కనిపించదు. రెండో నవలలో బీరాలు పలికే మామగారు నిజానికి ప్రహరీ గోడ మీది తొండ. ఈ రహస్యం పెదనాన్న కడుపులో దాగలేదు. “ఆ మామగారున్నాడే, తొండండీ బాబూ! మా గోడ మీదిదే, రండి చూపిస్తా” అని ఇంటికొచ్చిన పాఠకుల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాడు. ఆ నవల మూడు భాషల్లోకి వెళ్లింది, రెండు కాలేజీల్లో పాఠమైంది, పదమూడు వారాలు రేడియోలో వచ్చింది. ఊరిబడిలో ఏడో తరగతితో చదువు చాలించిన పెదనాన్న, ఆ వేళకు ఫ్యాను చప్పుడు కూడా అడ్డమని కట్టేసి వినేవాడు.

చిక్కు వచ్చింది మూడో నవల దగ్గర. అది ఇల్లు కట్టే ఒక తల్లి కథ. దానికి ప్రాణి కొంగ గదిలోనే దొరికింది. కిటికీ రెక్క లోపలివైపు ఒక కందిరీగ తడిమట్టి ముద్దలు తెచ్చి గూడు కడుతోంది. అరలో గుడ్డు పెట్టి, పుట్టబోయే పిల్లకు తిండిగా గొంగళిపురుగుల్ని కుక్కి, మూత పెట్టి, పక్కనే ఇంకో అర మొదలుపెడుతుంది. పిల్ల మొహం చూడనే చూడదు. కొంగ పంతొమ్మిది రోజులు చూసింది. నాలుగు అరలు మూతపడ్డాయి. లోపలి పిల్లలు మూత పగలగొట్టుకుని ఎలా వస్తాయో చూశాకే చివరి భాగం రాయాలనుకుంది. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పింది గానీ పెదనాన్నకు చెప్పలేదు. తొండ సంగతి ఊరంతా చాటినవాడికి ఏ ధైర్యంతో చెబుతుంది?

అంతలో సన్మానం ఉందని పిలిస్తే మూడు రోజులు పొరుగూరు వెళ్లింది, పెద్దమ్మను కూడా వెంటబెట్టుకుని. ఇంట్లో పెదనాన్న ఒక్కడే. ఇంత పేరున్న రచయిత్రి గది గోడలు వెలిసిపోయి ఉంటే ఏం బాగుంటుంది, రేపు పత్రికలవాళ్లు ఫొటోలకొస్తే ఏం చూపిస్తాం అనుకుని పెయింటర్ని పిలిపించాడు.

“పెద్దాయనా, ఈ మట్టిగడ్డలో పురుగులేవో ఉన్నట్టున్నాయి” అన్నాడు పెయింటరు కిటికీ దగ్గర ఆగి.

“ఉంటే నిన్ను మింగేస్తాయా? ఇలా ఇవ్వు” అని స్క్రేపరు లాక్కుని పెదనాన్న తానే గీకేశాడు.

కొంగ తిరిగొచ్చి మెడలో శాలువా తీయకుండానే కిటికీ దగ్గరకు వెళ్లింది. “పెదనాన్నా, ఇక్కడ గూడుండాలి.”

“ఉండేదమ్మా. నేనే గీకేశా. చూడు, రెక్క అద్దంలా లేదూ!”

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి తల పట్టుకుంది. “ఏం చేశారండీ మీరు?”

“ఏం చేశానే?”

“ఆ పిల్ల నవల గీకేశారు.”

నెల గడిచింది. కొంగ ప్లాంటుకు వెళ్లేది, వచ్చేది, కాగితం ముట్టుకునేది కాదు. ప్రచురణకర్త రెండుసార్లు ఫోను చేశాడు. పక్షుల సరస్సు దగ్గర బంగళాలో ఆరు వారాలు ఉండి రాసుకోమని ఆహ్వానం వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇంతవరకూ ఎవరికీ రాని పిలుపు అది. “రాయడానికేముందని వెళ్లను?” అని ఆ ఉత్తరం పక్కన పడేసింది.

పెదనాన్న ఊళ్లో కిటికీలు వెతకడం మొదలుపెట్టాడు.

“మా కిటికీల మీద పడ్డారేంటి బాబాయ్? పిల్లనేమైనా చూస్తున్నారా?” అంది ఎదురింటావిడ.

“పిల్లనే. ఆరు కాళ్ల పిల్లని” అని ఆయన ముందుకు సాగిపోయాడు.

చివరికి ప్లాంటు పంపుగదిలో, స్విచ్చుబోర్డు పక్కన దొరికింది గూడు, సగం కట్టి ఉంది. పంపు ఆపరేటరు స్టూలు వేశాడు. పెదనాన్న పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చుని, చూసింది చూసినట్టు రాశాడు. నాలుగో రోజు మెకానిక్ బోర్డు తెరవబోయి ఆ గూడును పడగొట్టాడు. అయినా ఆయన లేవలేదు. పన్నెండో రోజున ఆ కాగితాలు తెచ్చి కొంగ బల్ల మీద పెట్టాడు.

“మెకానిక్ గూడు పడగొట్టాడు. పది గంటలు. ముద్ద తెచ్చింది. గూడు లేదు. మూడుసార్లు చుట్టూ తిరిగింది. ముద్ద పారేసింది.” ఆ పక్కన “పాపం” అని రాసి కొట్టేశాడు. “పదకొండున్నర. జానెడు అవతల కొత్త ముద్ద పెట్టింది.”

కొంగ రెండుసార్లు చదివింది. “మెకానిక్‌ని ఏమన్నారు పెదనాన్నా?”

“ఏమంటానమ్మా? వాడు స్క్రూడ్రైవరు పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నాడు. నేనూ గీకినవాణ్నేగా. తిట్టడానికి నోరు రాలేదు.”

ఆమె చాలాసేపు ఆయన మొహంలోకి, నీళ్లలోకి చూసినట్టే చూసింది. తర్వాత నోట్సు పుస్తకం తెరిచి ఆ మాట అన్నది అన్నట్టు రాసుకుంది. మర్నాటికి కలం కదిలింది. గోడ కూలితే జానెడు అవతల పునాది తీసే తల్లి వచ్చింది. తెలియక ఆ గోడ పడగొట్టి, మర్నాటినుంచి ఆమెకు ఇటుకలందించే ముసలాయన వచ్చాడు. రెండు నెలల్లో పదకొండు అధ్యాయాలు పూర్తయ్యాయి.

“ఈ నవల్లో అసలు ప్రాణి ఎవరో తెలుసునా?” అని పెదనాన్న ఇప్పుడు ఇంటింటికీ అడుగుతున్నాడు.

“తెలుసు లెండి, నలభై ఏళ్లుగా నేనే సాకుతున్నా” అంటుంది పెద్దమ్మ.

మిగిలినవి నాలుగు అధ్యాయాలు. సరస్సువాళ్లకు వస్తానని కొంగ జవాబు రాసింది, ప్లాంటులో సెలవు మంజూరైంది. కిందటి సోమవారం బండెక్కుతూ, ఒక్క కాగితం కూడా మిగల్చకుండా పూర్తిచేసుకునే వస్తానని పెదనాన్నకు మాటిచ్చింది. ఆమె తిరిగి వచ్చేది డిసెంబరు తొమ్మిదో తేదీన.