బొమ్మిడాయిల పులుసు ముట్టని రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు విజయవాడలో పనుందంటే అందులో సగం చేపల పనే. మాది కంకిపాడు. ఎరువులకో, మోటారు సామానుకో బస్సెక్కేవాడు, వెంట నన్నూ తీసుకెళ్ళేవాడు. ఎక్కడ ఏం తినాలో ఆయనకొక పద్ధతి ఉండేది. స్టేషను దగ్గర రొయ్యల వేపుడు, వన్‌టౌన్‌లో కొరమేను కూర, బందరు కాలువ పక్కన ఒక పిన్నిగారి మెస్సులో బొమ్మిడాయిల పులుసు. ఒకచోట తినాల్సింది ఇంకోచోట అడిగేవాడు కాదు. నేను మాత్రం బొమ్మిడాయి జోలికి పోయేవాణ్ణి కాదు. సన్నగా, పొడుగ్గా, మూతి ముందుకు పొడుచుకొచ్చి అచ్చం పాముపిల్లలా ఉండేది. ఆ మెస్సులో నాకు పప్పు, ఆమ్లెట్టే.

ఒక వేసవిలో తాతయ్య, నాయనమ్మ కాశీ వెళ్ళొచ్చారు. కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి రావాలి. అలా వదిలినదాన్ని మళ్ళీ జన్మలో ముట్టకూడదు. మా ఊళ్ళో చాలామంది తెలివిగా కాకరకాయో పొట్లకాయో వదిలి వచ్చేవారు. నాయనమ్మ సీతాఫలం వదిలింది. తాతయ్య ఏం వదిలాడో ఎవరడిగినా నవ్వి ఊరుకున్నాడు. అంత కులాసాగా ఉన్నాడంటే సొరకాయే అయ్యుంటుందని మా బాబాయి తేల్చేశాడు.

ఆ వారంలోనే తాతయ్య నన్ను తీసుకుని కాలువ పక్క మెస్సుకు వెళ్ళాడు. పిన్నిగారు అడగకుండానే పులుసు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. తాతయ్య దాన్ని నా వైపు జరిపి, తనకు పప్పు వెయ్యమన్నాడు.

పిన్నిగారి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఎదురు బల్ల దగ్గర తింటున్న ఇద్దరు లారీవాళ్ళు అన్నం కలపడం ఆపి చూశారు. ఆ మెస్సుకు బోర్డు కూడా లేదు. పక్క సందులో పెద్ద హోటలు పెట్టాక బేరాలు పడిపోయి, ఆ పులుసుకున్న పేరు మీదే ఆవిడ పొయ్యి వెలుగుతోంది.

"వాసనేమైనా వస్తోందా అండీ?" అంది గొంతు తగ్గించి.

"చేప కాశీలో వదిలేశానమ్మా."

ఆవిడ నమ్మలేదు. వాళ్ళు క్రైస్తవులు. తామూ ఈస్టరుకు ముందు నలభై రోజులు నీచు మానేస్తామని, జన్మంతా మానడం మాత్రం ఎక్కడా వినలేదని అంది. "అయినా చేప మానేసినాయన చేపల మెస్సుకెందుకొస్తారండీ? బాగోలేదంటే చెప్పండి, పారబోస్తాను."

లారీవాళ్ళలో ఒకడు తన గిన్నె ఎత్తి వాసన చూశాడు. అది చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

తాతయ్య నా వైపు తిరిగి, "తిను నాన్నా. తిని, ఎలా ఉందో పైకి చెప్పు" అన్నాడు.

వద్దందామంటే ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. బాగుందన్నాను. అలా కాదు, సరిగ్గా చెప్పమన్నాడు తాతయ్య. ముందు మామిడికాయ పులుపు తగిలిందని, తర్వాత మెంతుల చిరుచేదని, మింగాక కారం తెలిసిందని, ముక్క చెదరకుండానే మెత్తగా ఉందని వరసగా చెప్పాను.

"బుడ్డోడు ఎక్కం అప్పజెప్పినట్టు చెబుతున్నాడ్రోయ్" అన్నాడు వాసన చూసిన లారీవాడు. అని, తనకు ఇంకాస్త పులుసు పొయ్యమన్నాడు.

అప్పుడు తాతయ్యను చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుటక పడింది. సొరకాయ వదిలిన మనిషి కాదని అప్పుడు నమ్మాను.

పిన్నిగారు కూడా చూసినట్టుంది. "మరెందుకు వచ్చారండీ?" అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.

"నేను మానేస్తే నీ పులుసేం పాపం చేసిందమ్మా?"

ఆ తర్వాత కూడా, బస్సెక్కే ఓపిక ఉన్నన్నాళ్ళూ నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. తను పప్పన్నం తింటూ నన్ను చెప్పమనేవాడు.

ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాక రక్తపోటు వచ్చి, డాక్టరు నాకు పచ్చళ్ళు మాన్పించాడు. ఇంట్లో జాడీలన్నీ తీసేయమనే మాట నోటిదాకా వచ్చింది. ఆగిపోయాను. కొత్తావకాయ కలిపిన రోజున మా అందరి భోజనం ఒకే బల్ల మీద. నా పథ్యం నా కంచం దాటదు.