అగ్గిపుల్ల చెయ్యి

మా తమ్ముణ్ణి వీధి వీధంతా అగ్గిపుల్ల అనేది. అనకేం చేస్తుంది? పాలలో నీళ్ళు కలిపాడని పాలవాడి క్యాను వాడి నెత్తినే బోర్లించిన ఘనుడు. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి ఇంటికొచ్చేటప్పుడు తుపాకీ అక్కడే అప్పజెప్పాడు గాని, కోపాన్ని మాత్రం పెట్టెలో సర్దుకుని తెచ్చుకున్నాడు. నేనేమీ తక్కువ తినలేదు. ముందు గదిలో బట్టలు కుడతాను. కొలతల దగ్గర నాతో వాదించినవాళ్ళకు నా గజంబద్ద సంగతి తెలుసు. ఒక తల్లి పిల్లలం, ఇంకెలా ఉంటాం?

అలాంటివాణ్ణి సాయంత్రం కాసేపు మనిషిగా ఉంచేది ఆ సెట్టు. మిలిటరీవాళ్ళు పారేసిన పాత రేడియో సెట్టు, ఆకుపచ్చ రంగు వెలిసిపోయింది, ఇద్దరు పడితే గాని లేవదు. తుక్కులో కొని, లైసెన్సు తెచ్చుకుని, తనే బాగుచేశాడు. మైకు భాగం ఎప్పుడో చచ్చింది. మిగిలింది తంతి ఆఫీసులోలా టకటకమని కొట్టే మీట ఒక్కటే. దీపాలు పెట్టే వేళకు చెవులకు డిప్పలు తగిలించుకుని, ఒకప్పుడు తనతో ఒకే గుడారంలో పడుకున్న స్నేహితుడితో ఆ టకటకల్లోనే మాట్లాడేవాడు. ఒకరినొకరు "బావా" అనుకునేవాళ్ళు.

"నన్ను మాటమాత్రం అడక్కుండా నాకో మొగుణ్ణి తగిలించావేంట్రా?" అనేదాన్ని.

"నువ్వు తగిలితే ఆయన బతకడక్కా!" అని నవ్వేవాడు. రోజు మొత్తంలో వాడు నవ్వేది అప్పుడే.

ఆ బావకు చూపు పోయింది. తర్వాత గొంతులో పుండు లేచి, డాక్టర్లు గొంతు తీసేశారు. మంచినీళ్ళు కావాలన్నా కూతురి అరచేతిలో వేలితో రాయాల్సిందే. అంతటి మనిషీ మీట దగ్గర కూర్చుంటే జోకులేస్తాడట, తిడతాడట, పాత తగాదాలన్నీ తవ్వుతాడట. "ఈ కబుర్లు లేకపోతే ఆయన పోతాడక్కా" అన్నాడు మావాడు. నేను నమ్మాను.

సరిగ్గా ఆ కబుర్ల వేళకే సెట్టులో గోల మొదలైంది. చీకటి పడుతూనే గర్రుమని అందుకుంటుంది. దాని కింద బావ టకటకలు ఒక్కటీ వినపడవు. మావాడు సెట్టు విప్పాడు, తీగలు మార్చాడు, ఇంట్లో మెయిను ఆపేసి బ్యాటరీ మీద నడిపి చూశాడు. అయినా అదే గోల. అంటే దొంగ బయటున్నాడన్నమాట.

అలాంటి దొంగను పట్టడానికి ఒక పద్ధతుంది. జేబు రేడియో పెట్టుకుని మెల్లగా చుట్టూ తిరగాలి. దాని కొస దొంగ వైపు తిరిగినప్పుడు గోల పెరగదు, చచ్చిపోతుంది. చచ్చిన వైపు నడవాలి. సైన్యంలో కొత్తవాళ్ళకు ఈ పాఠం నేర్పింది మావాడే. కానీ ఎదురుగా వెల్డింగు షాపులో నిప్పురవ్వలు ఎగురుతుంటే ఆ పాఠం ఎవడికి గుర్తుంటుంది? రేడియో కొస అటు తిప్పాడు. గోల చెవులు పగలగొట్టింది. "దొరికాడు దొంగ..." అని పానా తీసుకుని వీధి దాటాడు.

"ఆపరా దాన్ని!"

వెల్డరు ముఖానికున్న అద్దం పైకెత్తాడు. "ఆపితే నీ బాబు పెడతాడా నాకు కూడు? పోవయ్యా!"

"చచ్చిన మా నాన్నని అంటావా!"

పానా వెల్డరు నుదురు చీల్చింది. కళ్ళలోకి రక్తం కారుతుండగానే వాడు మీదపడి, మావాణ్ణి ఇనపబల్ల మీదకు తోసి, దవడ మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు మా గడప దాకా వినిపించింది. నేను గజంబద్దతో పరిగెత్తాను. అది విరిగేదాకా ఆ వెధవ వీపు మీద బాదాను. వాడు లెక్కచేస్తేనా! మావాడి కుడిచెయ్యి బల్లకు అదిమిపట్టి, సుత్తితో వేళ్ళ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మావాడు అరవడం ఆగిపోయాక గాని వదల్లేదు.

"ఇప్పుడు పట్టుకోరా పానా!" అన్నాడు రొప్పుతూ.

ఆస్పత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలే ఇచ్చారు. మావాడి కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు, నోరు పెగలకుండా దవడను తీగతో బిగించారు. వెల్డరు ఇంకా మంచం మీద ఉండగానే నేను మావాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాను. చీకటి పడింది. ఎదురు షాపుకు తాళం. మావాడు డిప్పలు పెట్టుకున్నాడు. గోల అలాగే ఉంది. 

జేబు రేడియో నా చేతిలో పెట్టి, ఎలా తిప్పాలో ఎడమచేత్తో చూపించాడు. గడప దాటి తిప్పాను. వెల్డింగు షాపు వైపు హోరు. ఇంకాస్త తిప్పితే, మా వరస చివర మందుల షాపు వైపు టక్కున చచ్చింది. అక్కడ కొత్తగా పెట్టిన లైట్ల బోర్డు ధగధగలాడుతోంది.

"ఏమయ్యా, ఆ బోర్డు ఆర్పుతావా, పగలగొట్టమంటావా?"

షాపతను బిత్తరపోయి స్విచ్చి నొక్కాడు. "అడిగితే ఆర్పనా అమ్మా? ఈ మాత్రానికి అంత కోపమెందుకు?"

అడగడం! మా ఇంటా వంటా లేని విద్య.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చేసరికి మావాడు విన్నదంతా నా సుద్దముక్కతో నల్లగుడ్డ మీద రాస్తున్నాడు. "బావా, ఉన్నావా? బావా, ఉన్నావా?" ఎడమచేత్తో మీట కొట్టాడు. కాసేపటికి గుడ్డ మీద ఇంకో ముక్క పడింది. "ఎవరు మీరు?"

"నువ్వేనని చెప్పరా!" అని అరిచాను. కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

"వాడు కాదు. వాడి చెయ్యి నాకు తెలుసు."

మీట మీద చెయ్యి మనిషి గొంతులాంటిదట, ఒకరిది ఇంకొకరికి రాదట. మావాడు కట్టున్న కుడిచేత్తోనే మీట మీద బాదాడు. కట్టు ఎర్రబడింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆపలేదు. అవతలి నుంచి మాత్రం ఒక్కటే వచ్చింది. "వాడు పోయాడన్నమాట. సెట్టు జాగ్రత్త బాబూ. వాడికి అదంటే ప్రాణం." 

తెల్లారి ఆయన కూతురికి ఫోను చేశాను. వాళ్ళ నాన్న చెవి దగ్గర పెట్టమని, "మావాడు బతికే ఉన్నాడన్నయ్యా, చెయ్యి విరిగిందంతే!" అని గొంతు చించుకున్నాను. ఆ అమ్మాయి మళ్ళీ ఫోను తీసుకుని ఏడ్చింది.

"నా చేతిలో రాశారు అత్తా. మాటలు ఎవరైనా చెప్తారట. పోయినవాడి మీద అబద్ధాలాడొద్దన్నారు. సెట్టు పొద్దున్నే తుక్కువాడికి ఇచ్చేయించారు. రాత్రి నుంచీ ఏమీ ముట్టలేదు."

ఫోను పెట్టేశాను. పక్కగదిలో మావాడు ఎడమచేత్తో మీట కొడుతున్నాడు, కుడిచెయ్యి కొట్టినట్టు వచ్చేదాకా. అవతల సెట్టు లేదని వాడికి నేనింకా చెప్పలేదు.