రోజుకో పేరు పెట్టే పిల్ల

పేరు చెక్కించని స్టీలు గిన్నె మా ఇంటి గడప దాటని రోజులవి. మా పెనుబల్లి చర్చిలో, తలా ఒకటి వండి తెచ్చి కలిసి తినే ప్రేమవిందంటే, అందరి గిన్నెలూ ఒకచోట కలిసిపోయేవి. అంచున చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు చూసుకుని ఎవరివి వాళ్లం తెచ్చుకునేవాళ్లం. ఒకసారి నా పప్పుగిన్నె మీద పేరు గీకేసి తన పేరు చెక్కించుకుంది మా తోటికోడలు. (ఇప్పటికీ ఒప్పుకోదు.) అప్పటినుంచి పేర్లు మార్చే మనుషులంటే నాకు అనుమానమే.

ఆ అనుమానాన్ని వెంటబెట్టుకునే, నలభై దాటాక, ఖమ్మంలో ఒక కంపెనీ కంప్యూటర్ గదిలో అటెండర్‌గా చేరాను. అది నా తొలి ఉద్యోగం. అక్కడ బీరువాలంత పెద్ద మిషను ఉండేది. అంచుల్లో చిల్లులున్న పొడుగు కాగితాలు దాన్నుంచి వస్తుంటే, చింపి ఎవరి అరలో వాళ్లవి పెట్టడం నా పని. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలను ముగ్గులాగా చూసి గీయగలను, అంతే.

ఆ గదిలో దమ్మపేట నుంచి వచ్చిన కళ్లద్దాల పిల్ల ప్రోగ్రాములు రాసేది. ఆరు నెలలు చూసి ఉంచుకోవాలో పంపాలో తేలుస్తామన్నారు. ఆ పిల్ల కాగితాల్లో ఒక పేరు వచ్చేది, మధ్యమధ్య చుక్కలతో, అచ్చం మా గిన్నెల మీదిలాగే. కానీ చివరి ముక్క రోజూ మారేది! నిన్నటి పేరు ఇవాళ లేదు. పాత క్యాలెండర్ వెనక (కొత్త కాగితం దండగ) పెన్సిలు ముక్కతో అందరి కాగితాల్లోని పేర్లూ, పక్కనున్న మాటతో సహా ఎక్కించడం మొదలుపెట్టాను. అర్థం కాలేదని వదిలేస్తే ఎట్లా, గుట్టు అక్కడే ఉండవచ్చు.

ఇంతలో మిషను, లోపల లెక్కలు దాచుకునే జాగా లేదంటూ మాటిమాటికీ ఆగిపోసాగింది. సెక్షన్ సారు ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు. “నీ ప్రోగ్రామే జాగంత మింగుతున్నది. నెలాఖరుకు తేల్చకుంటే ఇంటికి పో!”

ఇంకేం, నేను క్యాలెండర్ తీసుకుని లోపలికి వెళ్లాను. “సార్, ఈ పిల్ల రోజుకో పేరు మారుస్తున్నది. అంత రాసి పెట్టిన.”

“చూసినవా? పెద్దమ్మకు గూడ దొరికినవ్!” అన్నారు సారు.

పిల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “గట్ల గాదు పెద్దమ్మా. మునుపు ఏ జాగ కావాల్నో, ఏం పేరు పెట్టాల్నో ముందే రాసియ్యాలె. ఇప్పుడు ప్రోగ్రామే నడుస్త నడుస్త జాగ అడుగుతది, ఆ రోజు తేదీ కలిపి పేరు పెట్టుకుంటది. పనైనంక పేరు తీసేసి జాగ తిరిగిచ్చేస్తది.”

“అడిగి తీస్కున్నోళ్లంత తిరిగిస్తరా?” అన్నాను. తోటికోడలు కళ్లముందు నిలబడింది.

“ఇచ్చిందో లేదో పేరు పక్కనే ఉంటది. ఏదీ, ఇటియ్యి!” అని క్యాలెండర్ లాక్కుంది. వేలు పెట్టి చూస్తూ పోయింది. తన పేర్లన్నిటి పక్కనా ఒకటే పొడుగు మాట. “గిదేంది? డిలీటెడ్, తీసేసినట్టు.” కొన్ని పేర్ల పక్కన మాత్రం పొట్టి మాట. “కెప్ట్, ఉంచేసినట్టు. గీ పేర్లు నావి గావు.”

“మరెవరియే?” అన్నాను.

పిల్ల క్యాలెండర్‌ను సారు ముందుకు జరిపింది. సారు నీళ్లు నమిలారు. “అవ్… గది నా టెస్టింగుది. దాన్ని ఆపుడే మర్చిపోయిన.” ఆయన ప్రోగ్రాము నెలల తరబడి రోజుకో కొత్త పేరుతో జాగా పట్టి, ఒక్కటీ వదలలేదన్నమాట. ఆ పేర్లూ రోజూ మారడం నేను చూస్తూనే ఉన్నాను. సారు కదా, మారిస్తే తప్పేముందిలే అనుకున్నాను!

ఉద్యోగం ఖాయమైన రోజు ఆ పిల్ల నాకో స్టీలు గిన్నె తెచ్చింది, నా పేరు చెక్కించి. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కింద ఇంకెవరి పేరైనా గీకేసిన గుర్తుందేమోనని ముందు అది చూశాను.

“నీ పేరే పెద్దమ్మా, ఎన్నిసార్లు చూసినా గదే!” అని పడీపడీ నవ్వింది.

ఇప్పుడు ఆ చుక్కలు సగం అరిగిపోయాయి. చూపు ఆనక వేలితో తడుముతూ, ఆనాటి అటెండరమ్మను తలచుకుని నవ్వుకుంటాను. ప్రేమవిందుకు మాత్రం ఆ గిన్నెను ఇంతవరకు పంపలేదు. మా తోటికోడలు ఇంకా చర్చికి వస్తూనే ఉంది.