ఏడు ఆకుపచ్చ ముడులు

బట్టల షాపులో చొక్కా నచ్చితే అందరూ కాలరు చూస్తారు, ధర చూస్తారు. నేను గుండీ పట్టుకుని లాగుతాను. సేల్స్‌మన్ మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ, లాగందే కొనను. ఈ మొండితనం నాకు మా నాన్న నుంచి వచ్చింది. వెంటనే రాలేదు.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. నాన్న చేపల వేటకి వెళ్తాడు. పోర్టు దగ్గర సరుకుల కాగితాలు చూసే ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, అక్కడికి వేసుకెళ్లే చొక్కా ఒక్కటీ లేదు. మొదటి రోజు నన్ను చూసి ఎవరూ నవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. చవకగా ఉండాలి, రోజూ ఉతికినా నిలవాలి, చూడగానే ఆఫీసు మనిషినని తెలియాలి. నాన్న కూడా పూర్ణా మార్కెట్‌కి బయల్దేరాడు. వద్దన్నా వినలేదు.

షాపులో నేను తెల్లది తీశాను.

"పోర్టు బొగ్గు గాలికి తెలుపు ఎన్నాళ్లుంతాదిరా?" అన్నాడు నాన్న.

ఆ మాట నిజమే. లేత నీలం మీద సన్నగీతలున్నది ఎంచుకున్నాం. నాన్న అంతటితో ఆగలేదు. పైనుంచి ఒక్కో గుండీ పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు.

"ఏటి బావా, కొంతావా సింపుతావా?" షాపతను కసిరాడు.

"కొత్త వల నీట్లో ఎయ్యకముందు ముడి ముడీ లాగి సూత్తాం. సొక్కా అయితే ఏటి?"

మూడో గుండీ ఊడి నాన్న చేతిలోకి వచ్చేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బులిచ్చి బయటపడ్డాను.

ఆ సాయంత్రం నాన్న వల బాగుచేసే ఆకుపచ్చ నైలాన్ దారాన్ని పోగులుగా విడదీసి, ఏడు గుండీలూ తీసి మళ్లీ కుట్టాడు. ఒక్కోదానికీ వల ముడి వేసి పంటితో బిగించాడు. లేత నీలం మీద ఆ ఆకుపచ్చ అల్లంత దూరానికి కనిపిస్తోంది. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు నాన్న వేటకి వెళ్లాక, బ్లేడు తీసుకుని ముడులన్నీ కోసేసి తెల్ల దారంతో నేనే కుట్టుకున్నాను.

ఉద్యోగంలో మొదటి రోజు, బస్సులో ఎవరిదో బ్యాగు పట్టీ తగులుకుని పొట్ట మీది గుండీ ఊడి ఎటో పోయింది. ఆఫీసులో ఫైలు పొట్టకి అదుముకుని నిలబడ్డాను. కూర్చోమంటే కూర్చోను, ఫైలిమ్మంటే ఇవ్వను. మధ్యాహ్నానికి పక్క సీటు మేడం కనిపెట్టి, నవ్వకుండా ఒక పిన్నీసు ఇచ్చింది.

ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లో వల సర్దుకుంటున్నాడు. ఆయన కళ్లు పిన్నీసు దగ్గరే ఆగిపోయాయి, మిగతా గుండీల దారం వైపు పోలేదు. తిడతాడనుకున్నాను. ఆయన మొహం మాడిపోయింది.

"నాను ఏసిన ముడి ఊడిపోనాదేట్రా?"

అంత చిన్న గొంతుతో నాన్న మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ చేతి ముడుల్నే నమ్ముకుని ఆయన రోజూ సముద్రం మీదికి వెళ్తాడు. అవునంటే నేను తప్పించుకోవచ్చు. చచ్చినా అననని అనుకున్నాను.

"లేదు నాన్నా. నానే బ్లేడుతో కోసీసినాను. ఆఫీసులో నవ్వుతారని."

నాన్న ఊపిరి వదిలాడు.

"అదీ! నా ముడి ఊడదు గదా అనుకుంతన్నాను."

కోసినందుకు ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఏడుపొచ్చింది. చొక్కా విప్పి చేతికిచ్చాను. లోపలి అంచుకి కుట్టి ఉన్న అదనపు గుండీ తీసుకుని, సూది వెతుక్కుంటూ అడిగాడు:

"ఇంట్లో తెల్ల దారం ఉందేటి?"

"వొద్దు నాన్నా. వల దారంతోనే కుట్టు. ఏడూ."

మర్నాడు ఆఫీసులో ఫైలు అడగ్గానే తీసి ఇచ్చాను. ఏడు ముడులూ అందరికీ కనిపించాయి.