తొలి ఏడుపు, పూర్తి మత్తు

దయ్యాలు, ఆత్మలు అనే మాట వస్తే నేను లేచి వెళ్లిపోయే రకం. బయోమెడికల్ ఇంజనీరింగ్ చదివాను. ఆపరేషన్ థియేటర్లలో మానిటర్లు, మత్తు మిషన్లు బాగుచేయడం నా ఉద్యోగం. తెర మీద గీత కనిపిస్తేనే నమ్ముతాను. ఇప్పటికీ అంతే. కానీ మా పాప పుట్టిన రోజు జరిగింది మాత్రం ఏ లెక్కలోనూ ఇమడటం లేదు.

బిడ్డ అడ్డం తిరిగి ఉండటంతో నా భార్య స్రవంతికి ఆపరేషన్ తప్పదని కరీంనగర్‌లో డాక్టరమ్మ ముందే చెప్పింది. రెండు రకాల మత్తుల గురించి ఇంట్లో నేనే పాఠం చెప్పాను. వెన్నులో సూది ఇస్తే నడుము కింది భాగమే మొద్దుబారుతుంది. తల్లి మెలకువగా ఉండి బిడ్డను వెంటనే చూస్తుంది. బీపీ పడిపోవచ్చు, కొందరికి తర్వాత తలనొప్పి వస్తుంది. పూర్తి మత్తు త్వరగా పనిచేస్తుంది. కానీ గొంతులో గొట్టం వేయాలి, బిడ్డ కొంచెం మగతగా పుట్టవచ్చు, తల్లికి ఏమీ తెలియదు. అందుకే వీలైతే వెన్ను సూదికే మొగ్గు చూపుతారు.

స్రవంతి ఒక్క ముక్కలో తేల్చేసింది. "నాకు సూదే కావాలె. పుట్టంగనే ఏడ్సే ఏడ్పు నేనే ముందుగాల ఇనాలె."

కారణం ఉంది. తను పుట్టినప్పుడు ఎలా ఏడ్చిందో వాళ్ల అవ్వ గొంతు మార్చి చేసి చూపించేది. అవ్వ అంటే మా దగ్గర అమ్మ. ఆమె పోయి అప్పటికి రెండేళ్లు. తనూ బిడ్డకు అలాగే చేసి చూపించాలని స్రవంతి కోరిక.

ఆపరేషన్ రోజు పొద్దున రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయని తేలింది. అలాంటప్పుడు వెన్నులో సూది గుచ్చితే లోపల రక్తం చేరే ప్రమాదం ఉంది. పూర్తి మత్తే ఇస్తామన్నాడు మత్తు డాక్టరు. స్రవంతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్కనే ఉన్న మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, ఆమె తల నిమిరింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఏడ్పు యాడికి పోతది? రేపటి సంది రాత్రంత అదే ఇంటవ్, సాలు సాలు అంటవ్."

స్రవంతి నవ్వుతూనే లోపలికి వెళ్లింది.

పాప పుట్టిందన్నారు. పిల్లల డాక్టరు, ఒక నర్సు వెంటనే పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. బయట నిలబడ్డ నాకు ఏడుపు వినపడలేదు.

కాసేపటికి మత్తు డాక్టరు వచ్చాడు. ఆయనది గుంటూరు వైపు. "మత్తు ఇచ్చే ముందు అవ్వ వచ్చిందా అని అడిగిందండీ. మీ మామ్మగారు తలుపు దగ్గరే ఉన్నారమ్మా అన్నాను. హాయిగా నిద్రపోయింది" అన్నాడు.

వాళ్ల వైపు అవ్వ అంటే ముసలావిడ. మా దగ్గర అర్థం వేరని, ధర్మపురి గోదావరిలో ఆ అవ్వ అస్థికలు కలిపినప్పుడు నేనూ పక్కనే ఉన్నానని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అయ్యో, తెలియదండీ."

స్రవంతికి మెలకువ వచ్చినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. పాపా బాబా అని అడగలేదు. గొట్టం వల్ల గొంతు బొంగురుగా ఉంది.

"బిడ్డ రెండు తుమ్ములు తుమ్మిందట. నర్సమ్మ మెడల తాడు పట్టుకొని ఇడువలేదట. అరికాలు గిచ్చినంక మేకపిల్ల లెక్క ఏడ్సిందట."

"ఎవలు చెప్పిండ్రు?"

"అవ్వ."

మళ్లీ నిద్రలోకి జారింది.

ఆ నర్సు అప్పటికి పాప దగ్గరి నుంచి బయటికే రాలేదు. తర్వాత నేను అడిగితే నవ్వింది. "అవును సార్, నా ఐడీ కార్డు తాడు గట్టిగ పట్టింది. మీకెట్ల తెలుసు?"

పుట్టిన పిల్లలు తుమ్మడం మామూలే. ఏది దొరికినా పట్టుకోవడమూ మామూలే. పూర్తి మత్తులోనూ అరుదుగా కొందరికి మాటలు వినపడతాయని నాకు తెలుసు. కానీ థియేటర్‌లో జరిగినవేవీ స్రవంతికి గుర్తులేవు. తెలిసినవన్నీ మూసిన తలుపు అవతల జరిగినవి.

ఇంకొకటి. ఎన్నిసార్లు అడిగినా ఆమె "ఏడ్పు నేనే ఇన్న" అనదు, "ఏడ్సిందట" అనే అంటుంది.

ఇప్పుడు పాపను ఒళ్లో వేసుకొని మేకపిల్ల గొంతు చేసి చూపిస్తుంది. పాప కేరింతలు కొడుతుంది. "గిట్లనే ఏడ్సినవట బిడ్డా" అంటుంది స్రవంతి.

ఆ "అట" ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.