పూడ్చిన మగ్గం గుంత

ఈ సంగతి నేను ఇదివరకే చాలామందికి చెప్పాను. మా ఇంట్లో చెప్పాను, వీధిలో చెప్పాను, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్న చుట్టాలకు చెప్పాను. అందరూ మధ్యలోనే నా కాళ్ళ వైపు చూసి, అయ్యో అని, మాట మార్చేశారు. జాలి పడితే ఇక వినే పని ఉండదని వాళ్ళకు బాగా తెలుసు. నేను అడిగేది కాళ్ళ గురించి కాదు. అవి ఎలా పోయాయో నాకు తెలుసు. నేను అడిగేది ఒక గుంత గురించి. జవాబు చెప్పాల్సిన మనిషి మా అన్న. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ గోడ దాటి ఇన్నేళ్ళుగా జవాబు రాలేదు కాబట్టి, ఇప్పుడు కాగితం మీద అడుగుతున్నాను.

గద్వాలలో మాది నేత కుటుంబం. నేను చెప్పేది ఎనభైల నాటి మాట. అప్పుడు అన్నా నేనూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ముందు గదిలో ఆయన మగ్గం, లోపలి గదిలో నాది. రెండూ గుంత మగ్గాలే. నేతగాడు గుంత అంచున పలక మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు కర్రలను తొక్కుతాడు. కర్ర తొక్కితే పడుగు పోగులు విడిపోతాయి, ఆ సందులో నుంచి అడ్డపోగు మోస్తూ నాడె దూసుకుపోతుంది. మా చీరలకు ఒళ్ళు నూలు, అంచులు పట్టు. రెండూ కలిసే చోట పోగు పోగును పట్టుకోవాలి. ఆ పనికి ఒక మనిషి చేతులు చాలవు. అందుకని నేతగాడి పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె అందుకుని తిరిగి ఇస్తూ ఉంటారు. నా పక్కన నా భార్య కూర్చునేది.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. మనిషి ఊరు పోయినా, మంచాన పడినా, మగ్గం విప్పి అటక మీద పెట్టినా, గుంతను మాత్రం ముట్టుకోరు. పైన పలకలు పరిచి వదిలేస్తారు. గుంత పూడ్చారంటే ఆ మనిషి లేడని, అతని తరువాత అందులో కూర్చునేవాళ్ళు కూడా లేరని అర్థం. ఇది మా అన్నకు తెలియని విషయం కాదు. నాకు చిన్నప్పుడు చెప్పింది ఆయనే.

మాది మట్టి మిద్దె. వానలు మొదలు కాకముందే పైన చౌడు మన్ను పోసి సరిచేయాలి, లేకపోతే కారుతుంది. ఒక ఏడు నేను పోస్తే ఒక ఏడు అన్న పోసేవాడు. నా కాళ్ళు పోయిన ఏడు వంతు ఆయనది. బండి మీద మన్ను తెప్పించి ఇంటి ముందు కుప్ప పోయించాడు. అక్కడితో ఆయన పని అయిపోయింది. నేను గుర్తు చేసినప్పుడల్లా పోద్దాం తీ అన్నాడు. ఆ కుప్పలో కోళ్ళు పొర్లాయి, పిల్లలు ఇళ్ళు కట్టి ఆడుకున్నారు. ఒక మధ్యాహ్నం వాన ఒక్కసారిగా దిగింది. నా మగ్గం మీద, పట్టు అంచు మీద చుక్కలు పడుతుంటే చూడలేక, తట్టలో మన్ను ఎత్తుకుని నేనే పైకి ఎక్కాను. తడిసిన మిద్దె అంచున కాలు జారింది. కింద రోలు ఉంది. దాని మీద వీపు పడింది. నొప్పి తరువాత వచ్చింది. ముందు తెలిసింది ఏమిటంటే, పక్కన ఎవరివో రెండు కాళ్ళు పడి ఉన్నాయని.

హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయారు. వెన్నుపూస విరిగి లోపలి నరాలు నలిగిపోయాయని, నడుము కింద ఇక కదలిక గాని స్పర్శ గాని ఉండవని డాక్టరు నిదానంగా చెప్పాడు. నన్ను ఎలా పక్కకు తిప్పాలో, పుండ్లు పడకుండా ఎలా చూడాలో నా భార్యకు నేర్పించారు. గొట్టంతో మూత్రం తీసుకోవడం నాకే నేర్పించారు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చేవాణ్ణి.

పక్క మంచం మీద నాగర్‌కర్నూలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక కల్లు గీసే ఆయన ఉండేవాడు. తాడిచెట్టు మీద నుంచి పడి ఆయనా నాలాగే అయ్యాడు. నా ఏడుపు కొన్నాళ్ళు విని, ఒక రోజు ఉదయం ఇలా అన్నాడు.

"ఏడిస్తె కాళ్లొస్తయంటె చెప్పు, ఇద్దరం కల్సి ఏడుద్దాం. నువ్వు మిద్దె మీదికెల్లి పడితివి, నేను తాడిచెట్టు మీదికెల్లి పడితి. ఎట్ల జూసినా నేనే పైకెల్లి పడ్డ. ఏడిస్తె నేను ముందు ఏడ్వాలె."

నాకు కోపం వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది. మంచానికి పైన కట్టిన కడ్డీ పట్టుకుని ఒంటిని లేపడం ఆయనను చూసే నేర్చుకున్నాను. నీ చేతులకేమైందని రోజూ దెప్పేవాడు. చేతులకేమీ కాలేదు. ఆ మాట పట్టుకుని నేను ఆలోచించడం మొదలుపెట్టాను. మగ్గానికి కాళ్ళు కావాలి గాని అవి నావే కావాలని ఎక్కడుంది? నా భార్య అంచు నాడె అందిస్తున్నంతసేపూ ఆమె కాళ్ళు గుంతలో ఊరికే ఉండేవి. తొక్కుడు కర్రలను కాస్త ఆమె వైపు జరిపితే చాలు. ఆమెతో చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, చేసి చూద్దామంది. ఆ రోజు నుంచి దవాఖాన పైకప్పు చూస్తూ నా గుంతలోనే కూర్చుని ఉన్నాను. మిగిలిన బతుకంతా ఆ గుంత మీద పెట్టుకున్నాను.

రైల్లో గద్వాలకు తీసుకొచ్చారు. స్టేషను నుంచి మంచం మీద మోసుకొచ్చి, లోపలి గదిలో దించారు. పక్కకు తల తిప్పి చూశాను. గుంత లేదు. మగ్గం అటక మీద ఉంది. నేల చదునుగా, కొత్తగా అలికి ఉంది. గోడ పక్కన జొన్న బస్తాలు. నా మంచం వేసింది సరిగ్గా గుంత ఉన్న చోటే.

"గుంతేది అన్నా?" అన్నాను.

"పూడ్చిన."

"ఎందుకు?"

"ముందు జర పండు. దూరంకెల్లి వచ్చినవు."

అంతే. నేను పడుకోవడం తప్ప ఏమీ చేయలేనని ఆయనకు తెలుసు. ఆ మాట అని బయటికి పోయాడు.

కొన్నాళ్ళకు నా భార్య దూలానికి తాడు కట్టింది. దాన్ని పట్టుకుని నా అంతట నేను లేచి కూర్చోవడం, పక్కకు తిరగడం, మంచం మీద నుంచి నేల మీదికి దిగడం వచ్చింది. చెక్క కింద చక్రాల్లా బేరింగులు బిగించుకున్నాం. దాని మీద కూర్చుని ఇల్లంతా తిరిగేవాణ్ణి. నేను కూర్చోగలుగుతున్నానని చూసిన అన్న ఒక రోజు రాట్నం తెచ్చి నా ముందు పెట్టాడు. నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టుకుంటూ కూర్చుంటే పొద్దు పోతుందట. కండెలు చుట్టడం తక్కువ పని అని నేను అనను. అది లేనిదే నాడె కదలదు. కానీ మా ఇళ్ళలో ఆ పని ముసలమ్మలు చేస్తారు. పదేళ్ళు మగ్గం మీద కూర్చున్నవాడి ముందు, వాడి గుంత పూడ్చిన నేల మీద, అడగకుండా రాట్నం పెడితే దాని అర్థం ఏమిటో నేతవాళ్ళకు చెప్పక్కర్లేదు. కండెలు చుట్టాను. అన్న మగ్గానికే చుట్టాను. ఒక్క కండె కూడా వదులుగా లేదు.

సర్కారు వాళ్ళు మూడు చక్రాల బండి ఇస్తున్నారని తెలిసి వనపర్తి పోయాం. బస్సులోకి నన్ను ఎత్తి ఎక్కించారు. అక్కడ బల్ల వెనుక కూర్చున్నాయన నన్ను చూడకుండా నా భార్యను అడిగాడు, ఈయన తన చేత్తో తింటాడా అని. నేను ఎదురుగా ఉన్నాను, నోరు ఉంది. తింటానండీ, నేస్తాను కూడా అని నేనే చెప్పాను. ఆయన ఆ జవాబు కూడా ఆమెకే చెప్పినట్టు ఆమె వైపే తల ఊపాడు. బండి మాత్రం మంచిది. చేత్తో తిప్పుకుంటూ ఎవరి చేయీ పట్టుకోకుండా బజారుకు పోయిన మొదటి రోజు, ఏమీ కొనకుండా చాలాసేపు తిరిగాను.

జంధ్యాల పున్నమి నాడు మా ఇళ్ళలో మగ్గాలకు పసుపు, కుంకుమ పెట్టి మొక్కుతాం. అన్న తన మగ్గానికి పెట్టుకున్నాడు. నా భార్య పళ్ళెం పట్టుకుని లోపలి గదిలోకి వచ్చి నిలబడింది. పెట్టడానికి అక్కడ ఏమీ లేదు. మంచం జరపమన్నాను. కుంకుమ నేలకే పెట్టించాను. మరునాడు గునపం తెమ్మన్నాను.

బొంత పరిచి, బొర్లా పడుకుని, మోచేతుల మీద ఆనుకుని తవ్వాను. నా భార్య మన్ను తట్టకెత్తి బయట పోసేది. పై పొర పోయాక లోపల మన్ను తెల్లగా, పిండిలా వచ్చింది. మా ఇంటి నేల ఎర్రది. చేతిలోకి తీసుకుని చూశాను. అది చౌడు మన్ను. ఇంటి ముందు పోయించిన కుప్పే. ఆ మన్ను మిద్దె మీద పోయడానికి ఆయనకు తీరిక దొరకలేదు, నా గుంతలో పోయడానికి దొరికింది. నా భార్య కూడా గుర్తుపట్టింది. తట్ట ఎత్తుకుని పోయింది.

గుంత సగం లోతుకు వచ్చినప్పుడు అన్న గుమ్మంలో నిలబడ్డాడు.

"పిచ్చి లేసిందా నీకు? ఉన్న నడుము గూడ పోతది."

"ఇంక పోయేటందుకు ఏమున్నది? జర జరుగు అన్నా, వెలుతురు పడ్తలేదు."

ఆయన జరిగాడు. చేయి మాత్రం వేయలేదు.

వడ్రంగిని పిలిపించి తొక్కుడు కర్రలు నా భార్య వైపుకు జరిపించాను. మగ్గం అటక దిగి గుంత మీదికి ఎక్కింది. పడుగు అతికాం. మొదటి రోజులు తలచుకుంటే ఇప్పటికీ విసుగే. నేను నాడె వేసేసరికి ఆమె తొక్కి ఉండదు, ఆమె తొక్కేసరికి నా చేయి ఆగి ఉంటుంది. పోగులు తెగేవి. నా కాళ్ళు నేను చెప్పకముందే తొక్కేవి, ఇప్పుడు నోటితో చెప్పాల్సి వచ్చింది. ఒక రోజు గట్టిగా తిట్టాను. ఆమె అంచు నాడె ఒళ్ళో పెట్టుకుంది.

"ఇవి నా కాళ్లు. తిడితె ఆగుతయి."

నిజంగానే ఆపేసింది. ఆ పూట అలాగే కూర్చున్నాం. తరువాత నుంచి నేను చెప్పడం మానేశాను, ఆమె నా భుజం చూసి తొక్కడం మొదలుపెట్టింది. భుజం కదిలితే నాడె కదులుతుందని కనిపెట్టింది ఆమే.

అప్పుడు ఒక తప్పు జరిగింది. నేతగాడు మగ్గం మీద కూర్చుంటే పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లేవడు. నేనూ అలాగే పలక మీద కూర్చున్నాను. ఇదివరకైతే కాళ్ళు తిమ్మిరెక్కేవి, నడుము లాగేది, లేచేవాణ్ణి. ఇప్పుడు ఒంట్లో సగం నాకు కబురు చెప్పడం మానేసింది. ఏమీ నొప్పి లేదు కదా అని సంతోషంగా నేశాను. ఒక సాయంత్రం నా భార్య పంచె మీద నెత్తురు చూసింది. కూర్చునే చోట పుండు పడి లోతుకు పోయింది. దవాఖానలో అన్నీ చెప్పారు. మంచం గురించి జాగ్రత్త పడ్డాం గాని, మగ్గం పలక కూడా మంచం లాంటిదే అని మా ఇద్దరికీ తోచలేదు.

అది మానేదాకా నెలల తరబడి బొర్లా పడుకున్నాను. తల పక్కకు తిప్పితే గుంత, దానిలోకి దిగిన పడుగు కనిపించేవి. అన్న ఒక్కసారి వచ్చాడు. నేను చెప్పలేదా అని పోయాడు. మళ్ళీ పూడ్పిస్తాడేమోనని, మేలుకున్నంతసేపూ గుమ్మం వైపు ఒక కన్ను వేసి ఉంచేవాణ్ణి.

పుండు మానాక సైకిల్ ట్యూబులు చుట్టి, పైన బొంత కుట్టి మెత్త చేయించాను. మగ్గం పైన కూడా తాడు కట్టించాను. నేసినంత బట్టను ముందున్న కర్రకు చుట్టినప్పుడల్లా, తాడు పట్టుకుని ఒంటిని పైకి లేపి కాసేపు అలాగే ఉండాలి. బట్ట చుట్టడం ఏ నేతగాడూ మరిచిపోడు, కాబట్టి లేవడం కూడా మరిచిపోలేదు. ఆ తరువాత నాకు పుండు పడలేదు.

మగ్గం మీద నుంచి మొదటి చీర కోసి తీసిన రోజు వీధిలో వాళ్ళు వచ్చారు. ఉల్లిపొర రంగు ఒళ్ళు, వంగపండు రంగు అంచు. ఒళ్ళూ అంచూ కలిసిన చోట వేలితో రాసి చూశారు, తిరగేసి చూశారు. తప్పు దొరకలేదు. ఎదురింటాయన ఊరుకోలేక, ఇంతకీ నేసింది నువ్వా, మీ ఆమెనా అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నా భార్యే అందుకుంది.

"నీ ఇంట్ల నీ పెండ్లాం అంచు నాడె ఇయ్యకుంటె నువ్వు జానెడు నేస్తవా? గప్పుడు నిన్నెవ్వరడుగలే."

అందరూ నవ్వారు. అన్న మగ్గం ముందు గదిలోనే ఉంది. ఆ నవ్వు ఆయనకు వినపడింది. మగ్గం చప్పుడు ఆగలేదు.

తొంభైలంతా నేను నేశాను. ఇల్లు పంచుకుని మధ్యలో గోడ పెట్టుకున్నాం. స్నానం, వంట గదిలోకి పోవడం, బజారు, బంధువుల ఇళ్ళు, అన్నీ నా అంతట నేనే చేసుకున్నాను. చేయలేని చోట సాయం అడిగాను. సాయం అడగడం వేరు, అడగకుండా నన్ను సర్దేయడం వేరు.

అన్న తరఫున జవాబు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. గుంతలో పిల్లలు పడతారని పూడ్చాడు అంటాడొకడు. ఖాళీ గుంత చూసి తట్టుకోలేకపోయాడు అంటాడొకడు. తన వంతు పని చేయలేదని సిగ్గుపడి, ఆ మన్ను కళ్ళ ముందు ఉండకూడదని అందులో పోశాడు అంటుంది నా భార్య. ఆమె చెప్పేదే నిజమేమో. కానీ అది ఆమె జవాబు. ఆయన నోటి నుంచి రాలేదు.

ఇప్పుడు ఆయన మగ్గం మానేసి అరుగు మీద కూర్చుంటున్నాడు. నేను బండి తిప్పుకుంటూ ముందు నుంచి పోతే రోడ్డు వైపు చూస్తాడు. కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను. మిద్దె మాట అడగను, వాన మాట అడగను.

అన్నా, ఆ గుంత పూడ్చిననాడు నేను బతికే ఉన్న. నేను తిరిగి రాననుకున్నవా, వచ్చినా ఇగ మనిషిని కాననుకున్నవా? రెండిట్ల ఏదో ఒకటి నీ నోటితోని చెప్పు. నేను ఇంట్లనే ఉన్న.